అతిథి పేరుతో రెండు ఎమ్మీలు: మార్గో మార్టిండేల్ కథలో ‘క్యారెక్టర్ నటి’ లెక్కలు

ఒక జాడీలోంచి రెండు గ్లాసుల్లోకి నాటుసారా పోస్తుంది మాగ్స్ బెనెట్. ఆపిల్, దాల్చినచెక్క వాసన వేసే ఆ సారాకు ఆ ఊళ్లో మంచి పేరుంది. ఎదురుగా ఉన్న వాల్ట్ మెక్రెడీ ఆమె నేలలో గంజాయి పండించుకునే మనిషి. కూతురి వెంట ఎవడో పడుతున్నాడని భయపడి, మాగ్స్‌కు చెప్పుకోకుండా పోలీసులకు ఫోను చేయడమే అతని తప్పు. ఇద్దరూ తాగుతారు. కాసేపటికి అతనికి ఊపిరి అందదు. మాగ్స్ అతని చెయ్యి పట్టుకుని, జ్వరం వచ్చిన పిల్లవాడిని ఊరడిస్తున్నట్టు మాట్లాడుతుంది. విషం జాడీలో లేదు, అతని గ్లాసులోనే ముందుగా ఉంది. అతని కూతురిని తాను చూసుకుంటానని మాట ఇస్తుంది. ఆ మాట ఆమె నిజంగానే అంటోందని మనకు తెలిసిపోతుంది, భయం పుట్టేది కూడా అందుకే.

2011లో ‘జస్టిఫైడ్’ సీరియల్ రెండో సీజన్ ఈ దృశ్యం ఉన్న ఎపిసోడ్‌తో మొదలైంది. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఆ నటి ముఖాన్ని అమెరికా ప్రేక్షకులు చూస్తూనే ఉన్నారు. పేరు అడిగితే చెప్పగలిగినవారు తక్కువ. ఆమె మార్గో మార్టిండేల్. అదే ఏడాది సెప్టెంబరులో, అమెరికా టీవీ రంగంలో పెద్ద పురస్కారమైన ఎమ్మీని ఉత్తమ సహాయ నటిగా అందుకున్నారు. అప్పటికి వయసు 60. ఆ తర్వాత 2015లో, 2016లో వరసగా మరో రెండు ఎమ్మీలు వచ్చాయి. అవి మాత్రం ‘అతిథి నటి’ విభాగంలో, ‘ది అమెరికన్స్’ అనే సీరియల్‌కు. ఆ సీరియల్‌లో ఆమెది మొదటి సీజన్ నుంచి చివరిదాకా వచ్చే పాత్ర. అలాంటి మనిషి అతిథి ఎలా అవుతుంది? అవార్డుల కాలం వచ్చినప్పుడల్లా చాలామందికి తలెత్తే సందేహం ఇది. సమాధానం నటనలో దొరకదు. ఒప్పందాల్లో, ఎపిసోడ్ల లెక్కలో, పాత అలవాట్లలో వెతకాలి.

అసలు క్యారెక్టర్ నటి అంటే ఎవరు?

తెలుగువారికి ఈ మాట కొత్త కాదు. సినిమా పేర్లు పడేటప్పుడు మనం చదువుకుంటూ వచ్చిన మాటే. నంది అవార్డుల్లో ‘ఉత్తమ సహాయ నటుడు’ వేరు, ‘ఉత్తమ క్యారెక్టర్ నటుడు’ వేరు. అంటే ఆ రెండూ ఒకటి కాదని మనవాళ్లు ఎప్పుడో గుర్తించారు. ఎమ్మీల్లో మాత్రం క్యారెక్టర్ నటులకు విభాగమే లేదు. అక్కడ అది పరిశ్రమలో నోటిమాట, అంతే.

సహాయ నటి అనేది ఒక కథలో స్థానం: నాయిక పక్కన ఉండేది. క్యారెక్టర్ నటి అనేది ఒక వృత్తి జీవితపు తీరు. నాయకపాత్రలు వేసే తార సినిమా మారినా తానుగానే కనిపించాలి, ప్రేక్షకుడు టికెట్ కొనేది ఆ ముఖం కోసం. క్యారెక్టర్ నటి దీనికి తలకిందులు. ఈ వారం గుమస్తా, వచ్చే వారం నన్, ఆపై వారం గూఢచారి. ప్రతిసారీ మనం నమ్మాలి, వీలైతే పోయినసారి చూసింది ఈవిడనే అని గుర్తుపట్టకూడదు. ముఖం తెలిసి పేరు తెలియకపోవడం ఆ పనిలో లోపం కాదు, పని సరిగ్గా జరిగిందనడానికి గుర్తు.

ఈ నిర్వచనం అన్నిచోట్లా అతకదు, అదీ ఒప్పుకోవాలి. మన సూర్యకాంతం గారు సినిమా సినిమాకూ మారిపోయిన నటి కారు. గయ్యాళి అత్త అంటే ఆవిడే. ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికి తల్లిదండ్రులు జంకేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇద్దరు అగ్రనాయకులు ఉన్న 1962 నాటి సినిమాకు ఆవిడ వేసిన పాత్ర పేరే పెట్టి ‘గుండమ్మ కథ’ అన్నారు. కాబట్టి క్యారెక్టర్ నటుల్లో రెండు రకాలున్నాయనుకోవడం మేలు: ప్రతిసారీ మాయమైపోయేవారు, ఒకే ముద్రను శిఖరానికి చేర్చినవారు. మార్టిండేల్ మొదటి రకంగా మొదలై, అరవై దాటాక కొంతవరకు రెండో రకం అయ్యారు.

టెక్సాస్ నుంచి న్యూయార్క్ దాకా

ఆమె 1951లో టెక్సాస్ రాష్ట్రం జాక్సన్‌విల్‌లో పుట్టారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో నటన చదువుకున్నారు. తర్వాత కెంటకీలోని లూయీవిల్ నగరంలో పేరున్న నాటక సంస్థలో కొన్నేళ్లు పనిచేశారు. ఇరవై ఏళ్ల పైచిలుకు తర్వాత అదే కెంటకీ కొండల యాసలో మాగ్స్‌గా మాట్లాడి ఎమ్మీ తెచ్చుకోవడం కాకతాళీయమే కావచ్చు.

1987లో న్యూయార్క్‌లో ‘స్టీల్ మాగ్నోలియాస్’ నాటకం మొదటిసారి ఆడినప్పుడు, కథంతా జరిగే బ్యూటీ పార్లర్ యజమానురాలు ట్రూవీ వేషం మార్టిండేల్‌దే. అంటే ఆ పాత్రకు నడక, మాట, నవ్వు మొదట ఇచ్చింది ఆవిడ. నాటకం బాగా ఆడింది. 1989లో సినిమాగా వచ్చేసరికి ట్రూవీ పాత్ర గాయని డాలీ పార్టన్‌కు వెళ్లింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. సినిమాకు డబ్బు పెట్టేవారికి పోస్టర్ మీద జనం గుర్తుపట్టే పేరు కావాలి. క్యారెక్టర్ నటి పాత్రను పుట్టించగలదు, దాన్ని తనదగ్గరే ఉంచుకోలేదు. ఈ వృత్తి గురించి నాకు తెలిసిన ఉదాహరణల్లో ఇంతకంటే సూటిగా చెప్పేది లేదు.

తొంభైల్లో వరసగా చిన్న వేషాలు. ‘ది ఫర్మ్’లో కార్యదర్శి, ‘డెడ్ మాన్ వాకింగ్’లో నన్. 2004లో ‘మిలియన్ డాలర్ బేబీ’లో కూతురు ఇల్లు కొని చేతికి తాళం ఇస్తే, ఇల్లు ఉందని తెలిస్తే ప్రభుత్వం ఇచ్చే సాయం ఆగిపోతుందేమోనని విసుక్కునే తల్లి. తెర మీద ఉండేది కొద్ది నిమిషాలే అయినా ఆ తల్లిని చూసి పళ్లు కొరకని ప్రేక్షకుడు ఉండడు. అదే ఏడాది బ్రాడ్‌వే నాటకంలో నటనకు, అమెరికా నాటకరంగ పురస్కారమైన టోనీకి నామినేషన్ వచ్చింది. ‘డెక్స్‌టర్’ సీరియల్‌లో పోలీసు రికార్డుల గది చూసుకునే కామిలా వేషం వేశారు. చావు దగ్గరపడి మంచం పట్టిన ఆ కామిలా, తనను తొందరగా పంపేయమని హీరోని అడుగుతుంది.

ఇక 2006లో పారిస్ నగరం మీద పలువురు దర్శకులు తీసిన కథల సంపుటి సినిమాలో చివరి భాగం పూర్తిగా ఆవిడదే. డెన్వర్‌లో ఉత్తరాలు పంచే మధ్యవయసు స్త్రీ, ఒంటరిగా పారిస్ చూడటానికి వస్తుంది. తనకు వచ్చిన వంకర ఫ్రెంచిలో కథ తానే చెబుతుంది. పార్కు బెంచీ మీద కూర్చుని శాండ్‌విచ్ తింటూ ఉండగా సంతోషమో దుఃఖమో తెలియని ఒక భావం ముఖం మీదికి వస్తుంది. అంతకు మించి జరిగేది ఏమీ లేదు. నిడివి ఆరు నిమిషాలు. నాయికగా ఆమెను చూడాలని అడిగేవారికి నేను చూపించేది ఇదే.

ఒప్పందంలో రాసే మూడు మాటలు

టెలివిజన్‌కు వస్తే, అమెరికాలో నటులను మూడు నాలుగు మెట్లుగా విడదీస్తారు. మెట్టును నిర్ణయించేది పాత్ర గొప్పతనం కాదు, ఒప్పందం.

సీరియల్ మొత్తానికి ఒప్పందం చేసుకున్నవారు ‘రెగ్యులర్’. ఎపిసోడ్‌లో కనిపించినా కనిపించకపోయినా నిర్ణీత సంఖ్యలో ఎపిసోడ్లకు డబ్బు వస్తుంది. బదులుగా వారి సమయం మీద మొదటి హక్కు ఆ సీరియల్‌దే, మరొకచోట చేయాలంటే అనుమతి కావాలి. అప్పుడప్పుడు వచ్చిపోయే పాత్ర ‘రికరింగ్’. ఎన్ని ఎపిసోడ్లకు పిలిస్తే అన్నింటికే డబ్బు. ఒక ఎపిసోడ్‌లో గట్టి పాత్ర వేసేది ‘గెస్ట్ స్టార్’. నటుల సంఘం ఒప్పందం ప్రకారం గంట సీరియల్‌లో ఇలాంటి ప్రధాన అతిథి పాత్రకు కనీసం ఎనిమిది రోజుల వేతనం, అరగంట సీరియల్ అయితే ఐదు రోజుల వేతనం లెక్కగడతారు. అంతకంటే చిన్న వేషం, అంటే తలుపు తీసి రెండు మాటలు చెప్పి వెళ్లే నర్సులు, వెయిటర్లు ‘కో-స్టార్’.

మన డైలీ సీరియళ్లకు ఈ కొలత పట్టదు. వారానికి ఆరు రోజులు, వందల ఎపిసోడ్లు సాగే కథలో అత్తగారి పాత్ర అతిథి కావడానికి వీలే లేదు. అత్తగారు లేని రోజున కథే నడవదు. మన దగ్గర బేరం కాల్షీట్ల మీద, అక్కడ ఎపిసోడ్ల మీద.

ఇప్పుడు ‘ది అమెరికన్స్’ సంగతి. 1980ల్లో వాషింగ్టన్ దగ్గర మామూలు అమెరికన్ దంపతుల్లా బతికే ఇద్దరు సోవియట్ గూఢచారుల కథ అది. వారికి ఆదేశాలు అందించే పైఅధికారి క్లాడియా వేషం మార్టిండేల్‌ది. మొదటి సీజన్ 2013 జనవరిలో మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో సీబీఎస్ చానల్‌లో ‘ది మిల్లర్స్’ అనే హాస్య సీరియల్ వచ్చింది, అందులో ఆమె రెగ్యులర్. రెగ్యులర్ గురించి పైన చెప్పింది మళ్లీ చదివితే సంగతి బోధపడుతుంది. ఆమె సమయం మీద మొదటి హక్కు హాస్య సీరియల్‌కు పోయింది. గూఢచారి క్లాడియా కథలో అవసరమైనప్పుడు కాకుండా, నటికి ఖాళీ దొరికినప్పుడు రావలసి వచ్చింది. ‘ది మిల్లర్స్’ రెండో సీజన్ మధ్యలోనే, 2014 చివర్లో, ఆగిపోయింది. క్లాడియా మాత్రం అప్పుడప్పుడు వచ్చే మనిషిగానే చాలాకాలం ఉండిపోయింది. రచయితలు ఆ కొరతను పాత్ర లక్షణంగా మార్చేశారు: ఎప్పుడు వస్తుందో తెలియని అధికారి అంటే భయం ఎక్కువ.

ఏడో ఎపిసోడ్ దగ్గర గీసిన గీత

ఎమ్మీలు ఇచ్చే టెలివిజన్ అకాడమీ 2015లో ఒక నిబంధన తెచ్చింది. సీజన్‌లో సగం కంటే తక్కువ ఎపిసోడ్లలో కనిపించినవారే అతిథి విభాగంలో పోటీ పడాలి. లెక్క వేసి చూద్దాం. ‘ది అమెరికన్స్’ మొదటి ఐదు సీజన్లలో సీజన్‌కు 13 ఎపిసోడ్లు. ఒక నటి ఆరింటిలో కనిపిస్తే 46 శాతం, అతిథి అవుతుంది. ఏడింటిలో కనిపిస్తే 54 శాతం, ఇక అతిథి కాదు, సహాయ నటి విభాగానికి వెళ్లి ఏడాది పొడవునా కనిపించినవారితో పోటీ పడాలి. పదే ఎపిసోడ్లున్న సీజన్ అయితే గీత ఐదో ఎపిసోడ్ దగ్గరే పడుతుంది. నటన, పాత్ర, సంభాషణలు ఒకటే. మారింది హాజరు పట్టీ.

దీనికి ముందు గందరగోళం ఇంకా ఎక్కువ. ‘జస్టిఫైడ్’లో మాగ్స్ వేషానికి మార్టిండేల్ 2011లో సహాయ నటి అయ్యారు. మాగ్స్ కొడుకు డికీగా వేసిన జెరెమీ డేవిస్ 2012లో అదే సీరియల్‌కు, అదే పాత్రకు అతిథి నటుడిగా గెలిచారు. తల్లి ఇంటి మనిషి, కొడుకు చుట్టం! ‘ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్’లో ఉజో అడూబా ఉదాహరణ మరీ విచిత్రం. ఒకే పాత్రకు 2014లో హాస్య విభాగంలో అతిథి నటి, 2015లో డ్రామా విభాగంలో సహాయ నటి. గంట నిడివి ఉన్న సీరియల్‌ను హాస్యంగా కాక డ్రామాగా చూడాలని అకాడమీ మధ్యలో నిర్ణయించడమే హాస్యం నుంచి డ్రామాకు మారడానికి కారణం. ఆమె చేసిన పాత్ర మాత్రం ఒక్క ముక్క మారలేదు.

ఇంకో కొస కూడా ఉంది: మరీ తక్కువ కనిపిస్తే? 2006లో ‘మిసెస్ హారిస్’ అనే టీవీ సినిమాలో ఎలెన్ బర్స్టిన్ తెర మీద ఉన్నది 14 సెకన్లు. సహాయ నటిగా నామినేషన్ వచ్చింది. ఓటు వేసినవారు సినిమా చూశారా, పేరు చూశారా అని అందరూ నవ్వుకున్నారు. మరుసటి ఏడాది ఆ తరహా కార్యక్రమాలకు కనీసం ఐదు శాతం నిడివి ఉండాలన్న నిబంధన వచ్చింది.

అతిథి విభాగం ఉండాలా వద్దా అన్నదాని మీద రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ బలం ఉంది. అది లేకపోతే నాలుగు దృశ్యాల్లో అద్భుతం చేసిన నటి పదమూడు ఎపిసోడ్లున్న నటి పక్కన ఎన్నటికీ కనబడదన్నది ఒక వాదం. విభాగం పుట్టింది చిన్న వేషాల నటుల కోసమైతే, నామినేషన్లు మాత్రం ఒక ఎపిసోడ్‌కు వచ్చి వెళ్లే పెద్ద తారలకు పోతున్నాయన్నది రెండో వాదం. మార్టిండేల్ గెలుపు మొదటి వాదానికి సాక్ష్యం. ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. అతిథి విభాగం అవార్డులు ప్రధాన ఉత్సవంలో ఇవ్వరు, ముందే జరిగే మరో వేడుకలో ఇచ్చేస్తారు. అందుకే ఆమె మొదటి ఎమ్మీని దేశమంతా ప్రత్యక్ష ప్రసారంలో చూసింది, తర్వాతి రెండింటినీ మర్నాడు వార్తల్లో చదువుకుంది.

ఆ మాట గౌరవమా, చిన్నచూపా?

2014లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన పెద్దల కార్టూన్ సీరియల్ ‘బోజాక్ హార్స్‌మన్’లో మార్టిండేల్ తన పాత్రకు తానే గొంతు ఇచ్చారు. అందులో ఆమెను ఎవరూ ఉత్త పేరుతో పిలవరు. ‘క్యారెక్టర్ నటి మార్గో మార్టిండేల్’ అని పూర్తిగా అంటారు, డాక్టర్ గారు, కలెక్టర్ గారు అన్నట్టు. ఆ కార్టూన్ మార్గో ఏ వేషమైనా ప్రాణం పెట్టి వేస్తుంది, నేరాలు చేస్తుంది. నవ్వు ఎక్కడుందంటే, ముఖం తెలిసి పేరు తెలియని నటికి పేరును బిరుదుతో సహా అంటించేశారు. ఆ తర్వాత చాలామంది ప్రేక్షకులకు ఆమె పేరు ఆ బిరుదుతోనే నోటికి వచ్చింది.

ఆ మాట చిన్నచూపేనని అనేవారి వాదన తేలిగ్గా తోసేయదగ్గది కాదు. ‘క్యారెక్టర్’ అనే మాట ఎవరికి అంటిస్తారో గమనించండి: వయసు పైబడినవారికి, బొద్దుగా ఉన్నవారికి, నాయిక కొలతలకు సరిపోని ముఖాలకు. మగవారిలో యాభై దాటిన హీరో ఇంకా హీరోయే. ఆడవారిలో నలభై దాటగానే అమ్మ పాత్ర ఎదురుచూస్తూ ఉంటుంది, ఇది హాలీవుడ్‌కే పరిమితమైన సంగతి కాదని తెలుగు ప్రేక్షకుడికి వేరే చెప్పాలా? కాబట్టి అది వృత్తి పేరు కాదు, తలుపు మీద వేసిన గొళ్లెం అని వారి మాట.

ఎదుటి పక్షం వాదన వేరు. నాయికగా మొదలైనవారికి వయసు ఒక శత్రువు. మొదటి నుంచీ క్యారెక్టర్ వేషాలే వేసిన నటికి వయసు పెట్టుబడి. మాగ్స్ ఒక ఎపిసోడ్‌లో తన కొడుకు కూవర్ చేతివేళ్లను సుత్తితో విరగ్గొడుతుంది. చచ్చిన వాల్ట్ పేర వచ్చే చెక్కులను కొడుకులు సొమ్ము చేసుకోవడంతో పోలీసుల చూపు వారి మీద పడింది, శిక్ష అందుకు. చెయ్యి బల్ల మీద పెట్టమన్నప్పుడు ఆ గొంతులో కోపం ఉండదు, ఇంటిపని ఒకటి మిగిలిపోయిందన్న అలసట ఉంటుంది. ఆ అలసట ముప్పై ఏళ్ల నటి ముఖం మీద అతికించలేరు. నా మొగ్గు రెండో పక్షం వైపే, కానీ గొళ్లెం ఉందన్న మాటను కాదనలేను. మార్టిండేల్ బాగా బతికారు కాబట్టి అందరూ బతుకుతారనుకోవడం పొరపాటు.

డబ్బు దగ్గరికి వస్తే

ఈ వృత్తి నిలబడింది ఒక పాత ఏర్పాటు మీద. సీరియల్ మళ్లీ ప్రసారమైనప్పుడల్లా నటులకు కొంత సొమ్ము వస్తుంది, దాన్ని ‘రెసిడ్యువల్’ అంటారు. ఏడాదికి 22 ఎపిసోడ్లు తీసే రోజుల్లో అతిథి పాత్రలు కోకొల్లలు. ఐదారు సీరియళ్లలో ఒక్కో వేషం వేసుకుని, పాతవాటి పునఃప్రసారాల చెక్కులతో ఏడాది గడిపేయవచ్చు. స్ట్రీమింగ్ వచ్చాక సీజన్ ఎనిమిది పది ఎపిసోడ్లకు కుదించుకుపోయింది. పునఃప్రసారం అనేదే లేదు, సీరియల్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. చూసినవారు వేయిమందైనా కోటిమందైనా నటుడికి వచ్చేది దాదాపు ఒకటిగానే ఉండేది.

2023లో నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసింది ప్రధానంగా ఇందుకే, కృత్రిమ మేధ భయం మరో కారణం. సంఘం ఆరోగ్య బీమాకు అర్హత రావాలంటే అప్పట్లో ఏడాదికి 26,470 డాలర్లు నటనలో సంపాదించాలి. సభ్యుల్లో అత్యధికులు ఆ గీత దాటలేరు. తారలకు ఆ గీతతో పనిలేదు. ఎక్కడో ఒక ఎపిసోడ్ దొరికితే దాటి, దొరకకపోతే దాటలేక, దానికి అటూ ఇటూ ఊగేది క్యారెక్టర్ నటులే. సమ్మె తర్వాతి ఒప్పందంలో, విడుదలైన 90 రోజుల్లో దేశంలోని చందాదారుల్లో కనీసం 20 శాతం మంది చూసిన స్ట్రీమింగ్ కార్యక్రమాలకు అదనపు బోనస్ ఇవ్వాలని రాసుకున్నారు. అంత ఆదరణ పొందేవి ఎన్ని అన్నది వేరే ప్రశ్న.

డెబ్బై మూడేళ్లకు

2024 డిసెంబరులో ప్రైమ్ వీడియోలో ‘ది స్టిక్కీ’ వచ్చింది. కెనడాలోని క్యూబెక్‌లో 2011–12లో గోదాములోంచి దాదాపు మూడు వేల టన్నుల మేపుల్ పాకం మాయమైంది. పీపాల్లోంచి పాకం తోడేసుకుని కొన్నింటిలో నీళ్లు నింపి పెట్టారు దొంగలు. ఆ దొంగతనం స్ఫూర్తితో అల్లిన కథ ఇది. మేపుల్ పాకం సంఘం తన పొలాన్ని లాక్కోబోతే తిరగబడే మేపుల్ రైతు రూత్ లాండ్రీ ఇందులో నాయిక. ఆ వేషం మార్గో మార్టిండేల్‌ది, అప్పటికి వయసు 73.

సీజన్‌లో ఉన్నవి ఆరు ఎపిసోడ్లు. అతిథి గీతకు ఈసారి ఆమెతో పనిలేదు.